పాపం చేసింది ఒళ్లా, మనసా?

పదహారేళ్ల కుర్రాడొకడు తోటి పోకిరీలతో కలిసి రాత్రిపూట ఓ బేరిచెట్టు మీద పడ్డాడు. చెట్టును దులిపి, మోయగలిగినన్ని కాయలు ఎత్తుకొచ్చారు. అవి చూపుకీ రుచికీ ఏమంత గొప్పవి కావు. అంతకంటే మంచివి అతని దగ్గరే ఉన్నాయి. ఏవో కాసిని కొరికి, మిగిలినవన్నీ పందులకు పారేశారు.

ఆ కుర్రాడు 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తెలో పుట్టిన అగస్టీన్, తర్వాతి కాలంలో అక్కడే హిప్పో అనే పట్టణానికి బిషప్. నలభై దాటాక రాసిన ఆత్మకథలో ఈ చిల్లర దొంగతనాన్ని పట్టుకుని పేజీలకు పేజీలు తవ్వుకున్నాడు. ఇంతదానికి అంత రాద్ధాంతమా అని మొదట నాకూ అనిపించింది. ఆయన్ని నిలవనివ్వనిది ఒక్కటే: ఆకలి లేదు, నాలుక అడగలేదు. మరి దొంగిలించమన్నది ఎవరు?

క్రైస్తవం ఒంటిని అసహ్యించుకుంటుందనే మాట చాలామంది నోట వింటాం, విశ్వాసుల నోట కూడా. అందులో ఒక పదం పాత్ర పెద్దదే. బైబిల్లోని చాలా పత్రికలు రాసిన తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలు గ్రీకులో రెండు మాటలు వాడాడు. సోమా అంటే దేహం. సార్క్స్ అంటే అక్షరాలా మాంసం. కానీ పౌలు చేతిలో అది చాలాసార్లు దేవుణ్ని పక్కనపెట్టి తన ఇష్టానికి బతికే మనిషిని మొత్తంగా సూచిస్తుంది. తెలుగు బైబిల్లో ఈ రెండూ చాలాచోట్ల 'శరీరము' అయిపోయాయి. దాంతో పౌలు గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో 'శరీరకార్యములు' అని చదవగానే మన ఆలోచన కామం మీదికీ తాగుడు మీదికీ పోతుంది. ఆ జాబితాలో అవీ ఉన్నాయి. కానీ విగ్రహారాధన, ద్వేషములు, కలహము, కక్షలు, భేదములు, అసూయలు కూడా అక్కడే ఉన్నాయి. లెక్కపెడితే ఈ రకమే ఎక్కువ. కక్షకు కారణం ఏ అవయవం? సంఘంలో ముఠాలు కట్టడానికి కండరాలతో పనేముంది?

అగస్టీన్ ఇదే వాదాన్ని చివరికంటా లాగాడు. సాతానుకు ఒళ్లే లేదు, అయినా గర్వం, అసూయ అందరికంటే ఎక్కువగా ఉన్నది వాడిలోనే కదా అన్నాడు. దీనికి తిరుగు జవాబు నాకింతవరకు కనిపించలేదు.

నేరాన్ని ఒంటి మీదికి తోసేస్తే మాత్రం భలే సుఖంగా ఉంటుంది. అగస్టీన్‌కు ఆ సుఖం తెలుసు. వయసులో ఉండగా దాదాపు తొమ్మిదేళ్లు మానీ అనే ప్రవక్త పెట్టిన మతంలో ఉన్నాడు. వెలుగుకూ చీకటికీ యుద్ధం, పదార్థంలో చిక్కుకున్న వెలుగు తునకలు, అదీ వాళ్ల లోకం. పాపం చేస్తున్నది నేను కాదు, నాలో ఉన్న ఇంకేదో స్వభావం అనుకోవడం తన గర్వానికి హాయిగా ఉండేదని తర్వాత ఒప్పుకున్నాడు. ఇవాళ ప్రతిదాన్నీ హార్మోన్ల మీదికి నెట్టేవాళ్లదీ దాదాపు అదే హాయి.

ఒంటినే దోషిగా తేల్చి, దానికి శిక్ష వేసుకున్నవాళ్లూ ఉన్నారు. 325లో క్రైస్తవ బిషప్పులు కూడిన నైసియా మహాసభ చేసిన నియమాల్లో మొట్టమొదటిదే ఇది: ఆరోగ్యంగా ఉండి కూడా తన వృషణాలను తానే కోసుకున్నవాడు గురుపదవికి పనికిరాడు. కత్తి పెట్టాల్సిన చోటు అది కాదనే నేను చదువుకున్నాను ఆ నియమాన్ని.

సరే, దోషి మనసే, సంకల్పమే అనుకుందాం. అయితే గట్టిగా అనుకుంటే మానేయొచ్చుగా? అసలు చిక్కంతా ఇక్కడుంది. చెయ్యి ఎత్తమని మనసు ఆజ్ఞ ఇస్తే చెయ్యి లేస్తుంది. ఆజ్ఞ ఎక్కడ అయిందో, పని ఎక్కడ మొదలైందో విడదీయలేనంత వేగంగా లేస్తుంది. అదే మనసు తనకు తాను 'కోరుకో' అని ఆజ్ఞాపిస్తే మాత్రం వినదు. వేరే వస్తువైన చెయ్యి మాట వింది, తానే అయిన మనసు వినలేదు. ఈ వింత దగ్గర అగస్టీన్ చాలాసేపు ఆగిపోతాడు. 'నాకు నిగ్రహం ఇయ్యి, కానీ ఇప్పుడే వద్దు' అని యవ్వనంలో ప్రార్థించింది ఆయనే. 'నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను' అన్న పౌలుదీ ఇదే గోడు. కాబట్టి పాపం సంకల్పంలో ఉందనడం 'కంట్రోల్‌లో ఉండు' అనే సలహా కాదు. కృప, అంటే దేవుడు ఉచితంగా ఇచ్చే సాయం, లేకుండానే మనిషి దేవుని ఆజ్ఞలు పాటించగలడన్న బోధను 418లో ఉత్తర ఆఫ్రికా బిషప్పుల కార్తేజ్ సభ తోసిపుచ్చింది.

మరి సంకల్పం ఒప్పుకోకముందే లోపల కదిలే ఆశ సంగతి? 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు, అంటే లూథరన్ల విశ్వాస ప్రకటన, పుట్టుకతో వచ్చే ఆ రోగాన్ని నిజంగా పాపమే అంది. 1546లో కేథలిక్కుల ట్రెంట్ సభ, బాప్తిస్మం తర్వాత మిగిలిన ఆశ పాపం నుంచి పుట్టి పాపం వైపు లాగుతుంది గానీ అదే పాపం కాదు, దానికి లొంగనివాడికి హాని చేయదు అంది. నాకు ట్రెంట్ మాట న్యాయంగా తోస్తుంది. కానీ అసూయ లోపల కదిలిన క్షణంలో, దానికి నేను 'సరే' అన్నానో లేదో నాకే తెలియనప్పుడు, ఆగ్స్‌బర్గ్ మాట నిజమనిపిస్తుంది.

అగస్టీన్ కూడా ఈ ప్రశ్న నుంచి పూర్తిగా బయటపడలేదు. ముసలితనంలో ఆయన, సంకల్పం మాట వినని ఒంటి కదలికల్లో, ముఖ్యంగా కామంలో, ఆదాము అవిధేయతకు పడిన శిక్షను చూశాడు. 'నువ్వింకా మానీ మతస్థుడివే' అని ఇటలీలోని ఎక్లానుమ్ పట్టణపు బిషప్ జూలియన్ ఆయన్ని ఎత్తిపొడిచాడు. అగస్టీన్ జవాబు మీద జవాబు రాశాడు. 430లో ఆయన పోయేనాటికి దండెత్తి వచ్చిన వాండల్ అనే జర్మానిక్ తెగ సేనలు హిప్పో చుట్టూ ఉన్నాయి. జూలియన్‌కు రాస్తున్న చివరి జవాబు సగంలో ఉంది.