కుర్చీ అరువు తెచ్చుకున్నాం, భరోసా తెచ్చుకోలేదు

2019 జూన్ 6న తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు తమ శాసనసభాపక్షాన్ని టీఆర్ఎస్‌లో విలీనం చేయాలని స్పీకర్‌ను కోరారు. ఆ రోజే పని పూర్తయింది. 2024లో 10 మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు అధికార కాంగ్రెస్ పంచన చేరారంటూ, వారిని అనర్హులుగా ప్రకటించాలని స్పీకర్ ముందు పిటిషన్లు పడితే మాత్రం నెలల తరబడి నోటీసులు కూడా కదల్లేదు. ఆ పది మందిలో దానం నాగేందర్ బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు. ఇంత బహిరంగంగా జరిగినదాన్ని తేల్చడానికి కూడా 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. స్పీకర్ కార్యాలయానికి పరుగూ తెలుసు, నిద్రా తెలుసు.

తప్పంతా ఆ కుర్చీలో కూర్చున్నవారిదే అనడం తేలిక. కానీ 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్లారు, 2017లో వారిలో నలుగురు మంత్రులూ అయ్యారు. అనర్హత వేటు ఒక్కరిపైనా పడలేదు. పార్టీ మారినా, రాష్ట్రం మారినా కథ మారనప్పుడు లోపం ఏర్పాటులోనే వెతకాలి.

బ్రిటన్ స్పీకర్ తటస్థతను మనవాళ్లు తెగ మెచ్చుకుంటారు. దాని వెనకున్న బేరం గురించి పెద్దగా మాట్లాడరు. అక్కడ స్పీకర్‌గా ఎన్నికైనవారు పార్టీని వదిలేస్తారు. బదులుగా, తర్వాతి ఎన్నికలో ప్రధాన పార్టీలు సాధారణంగా వారిపై అభ్యర్థిని నిలపవు. 2019లో, 2024లో చోర్లీ నియోజకవర్గంలో స్పీకర్ లిండ్సే హోయల్‌పై కన్జర్వేటివ్‌లూ లేబరూ పోటీ పెట్టలేదు. ఈ పద్ధతి వల్ల అక్కడి ఓటరుకు ఎంపిక తగ్గిపోతుందన్న విమర్శలో నిజం లేకపోలేదు. కానీ టికెట్ కోసం అధినేత ముఖం చూడనక్కర్లేని స్పీకర్ ఆ మూల్యానికే దొరుకుతున్నారు. ఇక ఫిరాయింపుల చట్టమంటూ అక్కడ లేనే లేదు. అయినా 2014లో కన్జర్వేటివ్ పార్టీ వీడి యూకిప్ అనే మరో పార్టీలో చేరిన ఎంపీలు డగ్లస్ కార్స్‌వెల్, మార్క్ రెక్‌లెస్ రాజీనామా చేసి ఉప ఎన్నికల్లో మళ్లీ గెలిచారు.

మన దగ్గర ఆ దారి తొక్కినవారు లేరని కాదు. 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నారు. రెండేళ్లకే రాష్ట్రపతి ఎన్నికలో అదే పార్టీ అభ్యర్థిగా నిలవడానికి స్పీకర్ పదవినీ వదులుకున్నారు. ఫిరాయింపులను నిరోధించే రాజ్యాంగ పదో షెడ్యూలు అయితే స్పీకర్ పార్టీని వీడినా అనర్హత ఉండదని ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. తలుపు తెరిచే ఉంది. కానీ బయటికి వెళ్తే వచ్చే ఎన్నికలో దిక్కెవరు?

1985లో ఆ షెడ్యూలు తెచ్చినప్పుడు ఫిరాయింపులపై తీర్పరి పనిని ఇలాంటి స్పీకర్‌కే అప్పగించారు. 1992లో కిహోటో హొల్లోహన్ కేసులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దాన్ని సమర్థించింది. సభలో మెజారిటీ దయపై పదవిలో కొనసాగే వ్యక్తి ఈ తగాదాకు తగిన తీర్పరి కాలేరని అప్పుడే ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు. ముప్పై ఏళ్ల అనుభవం వారి వైపే ఉంది.

ప్రత్యామ్నాయం రాజ్యాంగంలోనే ఉంది. లాభదాయక పదవి వంటి ఇతర అనర్హతలపై 192వ అధికరణ ప్రకారం గవర్నర్ ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని, దానికి కట్టుబడి నిర్ణయిస్తారు. ఫిరాయింపులనూ ఆ దారిలోకే తేవాలని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ సూచించింది. ఎన్నికల సంఘంపై అనుమానాలు ఉన్నవారికి 2020లో సుప్రీంకోర్టు సూచించిన శాశ్వత ట్రిబ్యునల్ ఉంది. రెండింటిలో ఏదైనా ఇప్పటికన్నా మెరుగే. కాకపోతే అందుకు రాజ్యాంగాన్ని సవరించాల్సింది పార్టీలే. 2019లో స్పీకర్ తీరుపై మండిపడిన కాంగ్రెస్‌కు 2024లో ఆ తీరు అక్కరకొచ్చింది. నాడు టీఆర్ఎస్ పేరుతో విలీనాన్ని స్వాగతించిన బీఆర్ఎస్ ఈసారి కోర్టు మెట్లెక్కింది. ఇద్దరూ ఒకేసారి ప్రతిపక్షంలో ఉంటే తప్ప ఆ సవరణకు ఓటు పడుతుందని నాకు నమ్మకం లేదు.