ఏడుగురూ మనవాళ్లే

కొత్తగా క్రైస్తవ సంఘం పెడుతున్న దైవజనులందరికీ వందనాలు. ఈమధ్య మన కాలనీల్లో పాత సంఘం నుంచి బయటికొచ్చి కొత్తది మొదలుపెట్టేవాళ్లు బాగా ఎక్కువయ్యారు, సంతోషం. కానీ చాలామంది అసలు పని వదిలేసి కొసరు పనుల మీద పడుతున్నారు. అద్దెకు హాలు చూసుకుంటారు, సౌండ్ సిస్టమ్ కొంటారు, పాత సంఘంలో కీబోర్డు వాయించే తమ్ముణ్ని ముందే గుట్టుగా మాట్లాడి పెట్టుకుంటారు. విజన్ మాత్రం రాసుకోరు. ఇది ఎంత ప్రమాదమో తెలుసా? రేపు ఎవరో ఒకరు లేచి "మనం అక్కణ్నుంచి ఎందుకొచ్చేశాం?" అని అడిగితే కానుకల లెక్కల గొడవ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది. అదే విజన్ ఉందనుకోండి, "ప్రభువు మాకు వేరే దర్శనం ఇచ్చాడు" అంటే చాలు. ఆ మాట మీద ఇంకో ప్రశ్న వేసే ధైర్యం ఇంతవరకూ ఏ సంఘ పెద్దకూ రాలేదు.

పైగా అది ఉమ్మడి దర్శనం అయ్యుండాలని ట్రైనింగుల్లో చెప్తున్నారు. ఉమ్మడి అనగానే కొందరు అయ్యగార్లు, అంటే పాస్టర్లు, కంగారు పడుతున్నారు గానీ, అంత భయపడాల్సింది ఏమీ లేదు. దర్శనం అయ్యగారికి వస్తుంది, ఖర్చు ఉమ్మడిగా పెట్టుకుంటాం. విలువలంటారా, అవి బెంగళూరు సెమినార్‌లో ఇచ్చిన ఫైల్లో ఉండనే ఉన్నాయి. ఇక మిగిలింది ఒక్కటే, అవి సంఘం నోట్లోంచి వచ్చినట్టు అనిపించాలి. దానికే మీటింగ్.

అలాంటి మీటింగ్ ఒకటి చూసే భాగ్యం నాకు దక్కింది. ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రేమ విందులో చికెన్ కూర తిన్న మత్తు ఇంకా దిగకముందే, సండే స్కూల్ గదిలో వైట్ బోర్డు పెట్టారు. కార్పొరేట్ కంపెనీలో హెచ్ఆర్ చేసే అన్న ఒకాయన మార్కర్ పట్టుకుని, "మన సంఘం విలువలేంటి? ఎవరైనా చెప్పొచ్చు, తప్పు ఒప్పు ఏమీ లేదు" అన్నాడు. యవ్వనస్థుల్లోంచి ఒకబ్బాయి "ఎక్సలెన్స్" అన్నాడు. రాశారు. ఇంకో అమ్మాయి "ఇంపాక్ట్" అంది. రాశారు. "ఇంటెగ్రిటీ" అని ఎవరో అనేసరికి ఎందుకో గది కాసేపు సర్దుకుని కూర్చుంది, అయినా రాశారు. ఒక పెద్దాయన చెయ్యెత్తి "ప్రార్థన" అన్నాడు. అది ఎలాగూ ఉందిగా అంకుల్ అని, చోటు మిగిలితే రాద్దామన్నారు.

అప్పుడు వెనక గోడకి ఆనుకుని కూర్చున్న మామ్మ నోరు విప్పింది. ఈ మామ్మ గురించి ఒక మాట చెప్పాలి. వంటకి బియ్యం పోసుకునేటప్పుడల్లా ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేసి, ఆదివారం అవి కవర్లో కట్టుకుని మందిరానికి తెస్తుంది. పాత మిషన్ సంఘాల్లో ఆడవాళ్లు తరాలుగా చేస్తున్న పనే అది. ఆ రోజు అందరం తిన్న అన్నంలో ఆ బియ్యం కూడా ఉన్నాయి. "అయ్యగారూ, ఆడోళ్లకి బాత్రూమ్ ఎప్పుడు కడతారు? మూడు గంటలు ఓర్చుకోలేకపోతన్నాం" అంది.

హెచ్ఆర్ అన్న చాలా ఓపికమంతుడు. "మంచి పాయింట్ మామ్మా. కాకపోతే మనమిప్పుడు విజన్ లెవెల్లో మాట్లాడుతున్నాం. నీది ఆపరేషన్స్ కిందికి వస్తుంది. దీన్ని పార్కింగ్ లాట్‌లో పెడదాం, తర్వాత చూద్దాం" అని బోర్డు మూలన చిన్న గడి గీసి, అందులో బాత్రూమ్ అని రాశాడు. మామ్మ కాసేపు ఆ గడి వంక చూసి, "పార్కింగ్ ఎందుకయ్యా, మాలో ఎవరికీ బళ్లే లేవు" అంది. ఆమెకు విజన్ అర్థం కాలేదని అందరికీ తెలిసిపోయింది. పాపం, ఆ తరం అంతే.

సాయంత్రం టీ వచ్చేసరికి దర్శన వాక్యం సిద్ధం. 2030 కల్లా పది దేశాల్లో వంద సంఘాలు. అప్పటికి గదిలో ఉన్నది చంటిపిల్లలతో కలిపి అరవై మంది. విశ్వాసమంటే అదీ! దర్శనం పది దేశాలకు వెళ్లొచ్చు గానీ, ఆ దేశాల నుంచి వచ్చే డబ్బు మాత్రం విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏకి 2020లో చేసిన సవరణ ప్రకారం ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే దిగాలి. కాబట్టి పది దేశాల జాబితాలో మొదట ఢిల్లీ రాసుకోమని నా సలహా.

ఈ వేగం చూసి గర్వపడాలి మనం. వెనకటి వాళ్లు ఎంత మందంగా ఉండేవాళ్లో చూడండి. దక్షిణ భారతంలో వేర్వేరు ప్రొటెస్టంట్ శాఖలైన ఆంగ్లికన్లూ ప్రెస్బిటీరియన్లూ కాంగ్రిగేషనల్ వాళ్లూ కలిసి ఒకే సంఘం కావాలని 1919లో తమిళ తీరంలోని ట్రాంకెబార్లో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు, మెథడిస్టులు తర్వాత చేరారు. బిషప్పు ఉండాలా వద్దా, బిషప్పు చెయ్యి పెట్టకుండా అభిషేకం పొందిన పాస్టర్ని పాస్టర్ అనొచ్చా లేదా అని వాదించుకుంటూ, కమిటీలు వేసుకుంటూ, అలుగుతూ మళ్లీ వస్తూ, చివరికి 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అయ్యారు. 28 ఏళ్లు! దాని కోసం మొదటి నుంచీ పాటుపడ్డ మన దోర్నకల్ బిషప్ అజరయ్య, 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయినాయన, అది చూడకుండానే 1945లో కన్నుమూశాడు. మనవాళ్లు అదే పని చికెన్ కూరకీ టీకీ మధ్యలో తేల్చేశారు. ఎదుటివాడికి వేరే అభిప్రాయం ఉంటే వినాలన్న చాదస్తం వల్లే ఆ పెద్దలకు అంత ఆలస్యమైంది.

ఒంగోలు కథ ఇంకా ఘోరం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. 1867 జనవరి 1న సంఘం స్థాపిస్తే సభ్యులు 8 మంది. తోలు పని చేసుకునే మాదిగ కుటుంబం నుంచి వచ్చిన యెర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి తనవాళ్లకు సువార్త చెప్తున్నాడు, వాళ్లు రావడం మొదలైంది. సరిగ్గా ఆ సమయంలో ఊళ్లో అగ్రకులాల వాళ్లు కొందరు క్లౌ దగ్గరికి వచ్చి, మేమూ చేరడానికి ఆలోచిస్తున్నాం, కాకపోతే ఆ మాదిగవాళ్లని మాత్రం చేర్చుకోవద్దు అన్నారు. చూడండి ఎంత మంచి అవకాశమో! చదువు, భూములు, పలుకుబడి, అన్నీ నడుచుకుంటూ ఇంటికొచ్చాయి. ఇప్పటి విజన్ కన్సల్టెంట్ ఎవరైనా పక్కనుంటే "సార్, టార్గెట్ గ్రూప్ దొరికింది" అని చెవిలో చెప్పేవాడు. క్లౌ అలాంటివాణ్ని ఎవర్నీ పెట్టుకోలేదు. ఏం చేయాలో తోచక ఒక గదిలో తను కొత్త నిబంధన తెరిచాడు, ఇంకో గదిలో ఆయన భార్య తెరిచింది, ఒకరికి తెలియకుండా ఒకరు. ఇద్దరికీ తగిలింది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయమే. మీలో జ్ఞానులూ ఘనులూ గొప్ప వంశాల వాళ్లూ ఎక్కువమంది పిలువబడలేదు, లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడు అని పౌలు చెప్పే చోటు. అంతే, మాదిగలనే చేర్చుకున్నారు. పలుకుబడి వచ్చిన దారినే వెళ్లిపోయింది.

బోర్డు లేదు, మార్కర్ లేదు, ఎక్సలెన్స్ అన్న మాట ఎవరికీ తట్టలేదు. కరువేళ్లు గడిచాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆరుగురు బోధకులు వంతుల మీద నీళ్లలో నిలబడి ఇచ్చారు. ఒక డ్రోన్ షాట్ లేదు, థంబ్‌నెయిల్ లేదు. ఈ రోజుల్లో అయితే వ్యూస్ ఎక్కడికో పోయేవి.

దీన్నిబట్టి కులం గురించి మన విలువ ఎలా రాసుకోవాలో జాగ్రత్తగా చెప్తాను. "క్రీస్తులో కులం లేదు" అని రాయండి. పెద్ద అక్షరాల్లో రాయండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు. దాన్ని పట్టుకుని పెళ్లిళ్ల దాకా మాత్రం లాగకండి. పెళ్లి ప్రకటనలో "తిరిగి జన్మించిన, ప్రార్థనాపరురాలైన వధువు కావలెను" అన్న దాని కిందే ఫలానా కులం క్రిస్టియన్లు మాత్రమే సంప్రదించండి అని ఉంటుంది చూశారా, అది వేరే డిపార్ట్‌మెంటు. అక్కడ విలువలు పనిచేయవు, జాతకాలు ఒక్కటే చూడం. ఆ మాత్రం తేడా ఉందిగా మనకి.

కుర్చీల సంగతి కూడా విజన్‌లో రాయకపోవడమే మంచిది. సువార్తికుడు భక్తసింగ్ గారు మొదలుపెట్టిన సహవాసాల్లో, మన హైదరాబాద్ హెబ్రోను మందిరం లాంటి చోట్ల, కలెక్టరైనా కూలీ అయినా చాప మీదే కూర్చునేవాళ్లు, కూడిక తర్వాత ఒకే వరసలో ప్రేమ విందు తినేవాళ్లు. దానివల్ల ఎమ్మెల్యే గారు వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియని టెన్షన్ ఉంటుంది. ముందు వరసలో రెండు సోఫాలు వేస్తే ఆ బాధ లేదు. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాణ్ని మంచి చోట కూర్చోబెట్టి బీదవాణ్ని కాళ్ల దగ్గర కూర్చోమనడం గురించి యాకోబు పత్రికలో ఏదో ఉంది గానీ, సోఫా గురించి స్పష్టంగా ఏమీ లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను, రిజిస్ట్రేషన్. 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఈ ఏడు అన్న లెక్క మనకు కొత్తది కాదు, అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలోనే ఉంది. తొలి సంఘంలో పెద్ద గొడవ సిద్ధాంతం దగ్గర కాదు, అన్నం దగ్గర వచ్చింది. రోజూ పంచే భోజనంలో మా విధవరాళ్లను పట్టించుకోవడం లేదని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. అపొస్తలులు అదొట్టి పుకారు అనలేదు, సణిగినవాళ్లను సాతాను ప్రేరేపించాడనలేదు, ప్రార్థనలో పెడదామని దాటెయ్యలేదు. మంచిపేరు ఉన్నవాళ్లను ఏడుగురిని మీరే ఏర్పరచుకోండి అని సంఘానికే చెప్పేశారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు అంటూ మొదలయ్యే ఆ పేర్లు చదవండి, ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే వంటగది తాళాలు ఇచ్చేశారన్నమాట. నాయకత్వ లక్షణాలు లేకపోతే ఇలాగే ఉంటుంది.

మనవాళ్లు ఆ పొరపాటు చేయరు. మన ఏడుగురు ఎవరంటే, అయ్యగారు అధ్యక్షులు, అమ్మగారు కోశాధికారి, అమ్మగారి తమ్ముడు కార్యదర్శి, ఆ తర్వాత అయ్యగారి అన్న, తోడల్లుడు, మొన్ననే మేజరైన పెద్దమ్మాయి. ఏడో సంతకం కారు నడిపే తమ్ముడిది, దేనికి పెట్టాడో అతనికింకా తెలియదు. చెక్కుల మీద ఇద్దరు సంతకం చేయాలని బైలాస్‌లో గట్టిగా రాశారు, పారదర్శకత కోసం. ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండటం వల్ల పని కూడా తొందరగా అవుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం తప్పకుండా పెడతారు, మధ్యాహ్నం భోజనం దగ్గర. ఉమ్మడి దర్శనానికి ఇంతకన్నా గట్టి పునాది ఉండదు. ఏడుగురికీ ఒకటే దర్శనం, ఒకటే రేషన్ కార్డు.

చివరగా దాన్ని అందరికీ కనబడేట్టు పెట్టాలి. పరుగెత్తేవాడు కూడా చదవగలిగేట్టు దర్శనాన్ని పలక మీద రాయమని హబక్కూకుకు దేవుడు చెప్పాడు కాబట్టి, మనం ఫ్లెక్సీ వేస్తాం. ఆటోలో పోయేవాడికి కూడా కనబడాలి. పది అడుగులు ఉంటే మంచిది. అందులో నాలుగడుగులు అయ్యగారూ అమ్మగారూ నవ్వుతూ ఉన్న ఫొటో, పక్కన గ్లోబు, గ్లోబు మీద పావురం, కింద ఎక్సలెన్స్, ఇంపాక్ట్, ఇంటెగ్రిటీ ఇంగ్లీషులో. ప్రార్థనకి చోటు మిగల్లేదు. నేను చెప్పిన ఆ సంఘంలో బాత్రూమ్ గోడ లేపాల్సిన చోటే ఈ ఫ్లెక్సీ కట్టారు, రోడ్డు మీదికి బాగా కనబడేది అదొక్క చోటేనట. ఆడవాళ్లు ఇప్పుడు ఎదురింటివాళ్లని అడిగి వెళ్తున్నారు. ఆ ఎదురింటివాళ్లు మన విశ్వాసులు కారు, కానీ ఆదివారం గేటు తీసి ఉంచుతున్నారు.

అక్కడ కీబోర్డు తమ్ముడికి ఆరు నెలలకే దర్శనం వచ్చింది. ఎనిమిది కుటుంబాలు తీసుకుని రెండు వీధుల అవతల హాలు చూసుకున్నాడు. ఫ్లెక్సీ కోసం అదే షాపుకి వెళ్తే, పాత ఫైలు కంప్యూటర్లో అలాగే ఉందట. పేరూ ఫొటో మార్చాడు, పది దేశాలను పన్నెండు చేశాడు. విలువలు ముట్టుకోలేదు కాబట్టి డిజైనింగ్ చార్జీ తీసుకోలేదని షాపతను చెప్పాడు.