పడ్డ బోరే గుర్తుంటుంది

సులువుగా గుర్తొచ్చేదే ఎక్కువగా జరుగుతుందని మన మనసు అనుకుంటుందని మీరు రాసింది చదవగానే మా దేవరకొండ వైపు బోర్లు గుర్తొచ్చాయి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చెలకంతా తిరిగే ఆయన చూపించిన చోట నీళ్లు పడితే ఊరంతా పదేళ్లు చెప్పుకుంటుంది, దుమ్ము లేచిన బోర్ల సంగతి మాత్రం అప్పు తెచ్చిన ఇంట్లోనే ఉండిపోతుంది. మా నాయన మూడు వేయించాడు. మూడోదాంట్లోనూ తెల్ల దుమ్మే, అమ్మ కేసింగ్ పైపు పక్కన కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు.

1973లో ట్వర్‌స్కీ, కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అడిగింది కూడా ఇలాంటిదే. ఇంగ్లిష్‌లో కె, ఎల్, ఎన్, ఆర్, వి అక్షరాలు మాటకు మొదట ఎక్కువ వస్తాయా, మూడో స్థానంలోనా అంటే 152 మందిలో 105 మంది వాటిలో ఎక్కువ అక్షరాలకు మొదటే అన్నారు, నిజానికి అయిదూ మూడో స్థానంలోనే ఎక్కువ. మొదటి అక్షరంతో మాటలు గుర్తు తెచ్చుకోవడం సులువు కదా, అందుకే అట్లా అనిపిస్తుంది.

ఇలాంటివి ఎట్లా పరీక్షించాలో, ఆ పరిశోధన పద్ధతి గురించి మాత్రం మీరు ఇంకాస్త గట్టిగా రాయాల్సింది. నీళ్లు పడ్డవాళ్లనే అడిగితే అది సర్వే ఎట్లా అవుతుంది? ఆయన చూపిన బోర్లు, ఎవరూ చూపకుండా వేసినవి, రెండింటిలోనూ పడ్డవీ ఎండినవీ అన్నీ రాసి పక్కపక్కన పెట్టి చూడాలి. తమ్ముడు ఈ ఎండాకాలం నాలుగోది వేయిస్తానంటున్నాడు, ముందు ఊళ్లో ఆ లెక్క రాద్దామని నోటుబుక్కు కొన్నాను.