నిశ్శబ్ద నిమిషంలో ఒంటి తుమ్ము

టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో జనవరి అంటే సీడర్ చెట్ల పుప్పొడి సీజన్, ముక్కు మన మాట వినదు. మావాడు లంచ్ బాక్స్ మర్చిపోయాడు, నేను పరిగెత్తా, స్కూల్ ఆఫీస్ కౌంటర్ దగ్గర నిలబడ్డానో లేదో స్పీకర్‌లో ప్లెడ్జ్ మొదలైంది. ఇక్కడ రెండుంటాయి, ముందు అమెరికా జెండాకి, తర్వాత టెక్సాస్ జెండాకి విడిగా, ఆ పైన ఒక నిమిషం మౌనం. 2003 నుంచి చట్టమే ఉంది. ఆ నిమిషంలో ప్రార్థన చేసుకోవచ్చు, ధ్యానం చేసుకోవచ్చు, ఊరికే ఉండొచ్చు, పక్కవాళ్ళని డిస్టర్బ్ చెయ్యకపోతే చాలు. తుమ్ము గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

కౌంటర్ వెనక మేడమ్ కళ్ళు మూసుకుంది. నాకు ముక్కులో చీమ పాకినట్టు మొదలైంది. నాలుక అంగిలికి నొక్కిపెట్టా, లైటు వైపు చూస్తే ఇంకా వస్తుందని నేల చూశా, అమ్మమ్మ చెప్పినట్టు పై పెదవి గిల్లుకున్నా, డబ్బు కట్టి వెళ్ళిన యోగా క్లాసులో కూడా నాకు ఇంత ఏకాగ్రత కుదర్లేదు. చివరికి వెంకన్నకి దణ్ణం కూడా పెట్టుకున్నా, అంటే చట్టం ఇచ్చిన అవకాశాన్ని ఆ బిల్డింగులో పూర్తిగా వాడుకున్నది నేనేనేమో. అయినా వచ్చింది. గోడ మీద హాజరు చార్టు ఊగింది.

మేడమ్ కళ్ళు తెరవకుండానే "బ్లెస్ యూ" అంది.

ఇదెవరి ఖాతాలో వెయ్యాలి? గవర్నమెంట్ బళ్ళో గవర్నమెంట్ రాసిచ్చిన ప్రార్థన చదివించకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది, 1985లో అలబామా రాష్ట్రం వాళ్ళ మౌనం చట్టాన్ని కూడా ఇది ప్రార్థన కోసమే పెట్టారు పొమ్మని కొట్టేసింది. మరి గవర్నమెంట్ జీతం తీసుకునే మనిషి, గవర్నమెంట్ మౌనం మధ్యలో నన్ను దీవించేసిందే! ఇది చాలదన్నట్టు 2025లో టెక్సాస్‌లో ఇంకో చట్టం, రోజూ విడిగా ప్రార్థన టైం పెట్టాలా వద్దా అని ప్రతి స్కూల్ బోర్డూ 2026 మార్చి 1 లోపు ఓటెయ్యాలని పెట్టారు, పిల్లల్ని అందులో చేర్చే తల్లిదండ్రులు దీని మీద మేం కోర్టుకి వెళ్ళబోమని సంతకం పెట్టాలంట. పొద్దున్నే ఒక్క కారు ఆపుకోడానికి చోటు చూపించలేరు గానీ.

ఒంటి తుమ్ము మంచిది కాదు కదా, రెండోది స్పీకర్‌లో "థాంక్యూ" అన్నాక వచ్చింది. ఈసారి దీవెన లేదు, ఐడీ అడిగింది.