కాదనని దుకాణదారు

ఊహాలోకపు వీడియో ఆటల గురించి మాట్లాడేవాళ్లు డ్రాగన్లనూ యుద్ధాలనూ పొగుడుతారు. నా చూపు మాత్రం ముందు అక్కడి సంత మీదికే పోతుంది. ఆ లోకంలో జీవం ఉందో లేదో సరుకు చేతులు మారే తీరే చెబుతుందని నా నమ్మకం.

చాలా ఆటల్లో కంప్యూటర్ నడిపే దుకాణదారు ఎంత తెచ్చినా కాదనడు, ధరా తగ్గించడు. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీలో ఒక గుమ్మడికాయ అమ్మినా, వెయ్యి అమ్మినా గిరాకీ పడిపోదు. ఒంటరిగా, తీరిగ్గా సేద్యం చేసుకునే ఆటకు అది సరిపోతుంది. వేలమంది కలిసి బతికే లోకానికి మాత్రం అది చేటు.

ఆ చేటును 1997లో వచ్చిన అలాంటి ఆట అల్టిమా ఆన్‌లైన్ తొలిసారి పెద్ద ఎత్తున చవిచూసింది. లోకంలోని ముడిసరుకు మొత్తం ఒక పరిమితిలోనే ఉండాలని, వాడిన సరుకు కరిగిపోయాకే కొత్తది పుట్టాలని దాన్ని రూపొందించినవాళ్లు అనుకున్నారు. ఎంతో అందమైన ఆలోచన! కానీ ఆటగాళ్లు దొరికినదంతా ఇళ్లలో దాచేశారు. పనితనం పెంచుకోవడానికి కుప్పలకొద్దీ చొక్కాలు కుట్టారు. వాటితో ఎవరికీ అవసరం లేకపోయినా దుకాణాలు కొంటూనే పోయాయి. దాచిన సరుకు తిరిగిరాక కొత్తది పుట్టడం మందగించింది. చివరికి ఆ పద్ధతినే వదులుకోవలసి వచ్చింది.

తప్పు పరిమితిది కాదు. సరుకు ఖర్చయ్యే దారి లేకపోవడమే అసలు లోపం. అల్బియన్ ఆన్‌లైన్ అనే మరో ఆట ఈ సంగతి బాగా గ్రహించింది. అక్కడ ఏ నగరం సంత ఆ నగరానిదే. అడవి ప్రాంతంలోని లిమ్‌హర్స్ట్ చుట్టూ కలప దొరుకుతుంది, కానీ ఆ నగరం ప్రత్యేక లాభమిచ్చేది నారను బట్టగా మార్చే పనికి. ఆ నారేమో చిత్తడి నేలల్లో పండుతుంది. కాబట్టి ఎవరో ఒకరు దాన్ని ఎద్దుల మీద మోసుకురావాలి. ప్రమాదకరమైన దారుల్లో దోపిడీదారులు కాపు కాస్తారు, చచ్చినవాడి సామగ్రిలో కొంత పూర్తిగా నాశనమవుతుంది. నేత పనివాడికి గిరాకీ పుట్టేది ఆ నష్టం వల్లే. దూరానికి ఒక ధర ఉన్నప్పుడే వర్తకుడికి బతుకు ఉంటుంది. ఎక్కడి సరుకైనా ఒక్క మీటతో చేతికొచ్చే సంతలు నాకు అందుకే నచ్చవు.

వ్యవసాయం విషయంలో ఇంకో ఆట, ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌ను మెచ్చుకోవాలి. అక్కడ పైరుకు తెగులు వస్తుంది, ఎరువు వేస్తే ఆ ముప్పు తగ్గుతుంది. పుచ్చపాదును కాపాడమంటే తోటమాలి నాణేలు అడగడు, పది కరివేపాకులు అడుగుతాడు. ఒక పంట మరో పంటకు గిరాకీ తెస్తోందన్నమాట. పెద్ద పెద్ద కోటలు కట్టే ఆటలు కూడా ఇలాంటి చిన్న ముడులు వేయడానికి శ్రద్ధ పెట్టవు. నేను కోరేది ఇంకో మెట్టు: అందరూ ఒకే పంట వేస్తే దాని ధర పడిపోవాలి, గాదెలో ఉంచిన గింజ కొన్నాళ్లకు పుచ్చిపోవాలి. అప్పుడు ఏ విత్తనం వేయాలన్నది ఆటగాడికి నిజమైన ఆలోచన అవుతుంది.