పార్టులు మారిస్తే పిస్టల్ మొరాయించదా? ఎవరు చెప్పారు?

అమెరికాలో పిస్టల్ కొనుక్కున్న మనవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "గ్లాక్ లాంటి కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి చౌక పార్టులు వేస్తాయి, స్ప్రింగులు, ట్రిగ్గర్, బ్యారెల్ బయటివి వేయించుకుంటే ఇక జామ్ అన్న మాటే ఉండదు, 100 రౌండ్లు (తూటాలు) కాల్చి చూస్తే చాలు" అని దాని సారాంశం.

ముందు ఆ చౌక సంగతి. గ్లాక్ ట్రిగ్గర్ నొక్కి ఆహా అన్నవాడు లేడు, కాస్త గరుకుగానే ఉంటుంది. కానీ ట్రిగ్గర్ నునుపుగా కదలడం వేరు, నొక్కిన ప్రతిసారీ తూటా పేలడం వేరు. మెసేజ్ రాసినాయన రెండింటినీ ఒకే గాటన కట్టేశాడు.

అసలు గొడవంతా స్ప్రింగుల దగ్గరే. ట్రిగ్గర్ తేలిగ్గా రావాలని స్ట్రైకర్ (తూటాను వెనక నుంచి కొట్టే సూది) స్ప్రింగ్ మెత్తది వేస్తే ప్రైమర్ (తూటా అడుగున ఉండి దెబ్బ తగలగానే అంటుకునే బిళ్ల) మీద పడే దెబ్బ కూడా తగ్గుతుంది, ప్రైమర్ కొంచెం గట్టిగా ఉన్న తూటా పడిందా, టక్‌మని చప్పుడొచ్చి ఊరుకుంటుంది, బయటికి తీసి చూస్తే ప్రైమర్ మీద లోతు లేని చిన్న సొట్ట. స్ట్రైకర్ స్ప్రింగ్ కంపెనీదే ఉంచి, రీకాయిల్ స్ప్రింగ్ (తూటా పేలగానే వెనక్కి వెళ్లే పైభాగాన్ని, అంటే స్లైడ్‌ని, మళ్లీ ముందుకు తోసేది) మాత్రం మెత్తది వేశారనుకోండి, ఇంకో తలనొప్పి. గ్లాక్‌లో స్ట్రైకర్ ముందే సగం బిగిసి ఉంటుంది, దాని స్ప్రింగ్ స్లైడ్‌ని వెనక్కి లాగుతుంటే రీకాయిల్ స్ప్రింగ్ ముందుకు తోస్తుంటుంది, ట్రిగ్గర్ నొక్కేకొద్దీ ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. ముందుకు తోసేది బలహీనమైతే స్లైడ్ పూర్తిగా మూసుకోదు. రెండు స్ప్రింగుల్లో ఏదీ చెడ్డది కాదు, జత కుదరలేదంతే.

బ్యారెల్ విషయంలో సగం నిజం ఉంది. మ్యాచ్ బ్యారెల్‌తో (పోటీల కోసం కచ్చితమైన కొలతలతో చేసినది) గురి మెరుగుపడొచ్చు. అయితే చాలావాటిలో ఛాంబర్ (తూటా కూర్చునే గది) బిగుతుగా ఉంటుంది, కాస్త మసి పట్టినా, ఇంట్లో రీలోడ్ చేసుకున్న (ఖాళీ షెల్‌లో మళ్లీ మందు నింపిన) తూటా కొలత కొంచెం ఎక్కువైనా లోపలికి పూర్తిగా కూర్చోదు. బ్యారెల్ కొసన కాంపెన్సేటర్ (గ్యాస్‌ని పైకి వదిలి ఎదురు తన్నుని తగ్గించే ముక్క) తగిలిస్తే స్లైడ్ వెనక్కి వచ్చే వేగం తగ్గుతుంది, బలం తక్కువుండే చౌక ప్రాక్టీసు తూటాలతో ఖాళీ షెల్ సగంలో ఇరుక్కుంటుంది.

100 రౌండ్లా? శుభ్రంగా తుడిచిన పిస్టల్, ఒకే బ్రాండు, రెండు చేతులతో గట్టి పట్టు, ఎండా చెమటా లేని రేంజ్. దానితో రుజువైంది చాలా తక్కువ. ఆత్మరక్షణకు వాడే తూటాలతో, మీ దగ్గరున్న ప్రతి మ్యాగజైన్‌తో, ఒంటిచేత్తో, మసి పట్టాక కూడా కాల్చి చూడండి.

అలాగని కంపెనీది దేవుడి సృష్టేం కాదు. 2011లో గ్లాక్ తన జెన్ 4 (నాలుగో తరం) పిస్టళ్ల రీకాయిల్ స్ప్రింగులను ఉచితంగా మార్చి ఇచ్చింది. తయారుచేసినవాళ్లకే స్ప్రింగ్ లెక్క కుదరడానికి ఇంత పనైతే, ఆన్‌లైన్‌లో కొన్న కిట్‌తో మనకు ఒక్క పూటలో కుదురుతుందా? 1911 అనే పాత మోడల్ పిస్టళ్ల కథ వేరు. గుండ్రటి ముక్కు తూటాల కోసం పుట్టిన డిజైన్ అది, హాలో పాయింట్లతో (ముక్కు దగ్గర గుంట ఉన్న తూటాలు) ఇబ్బంది పెడుతుంటే మంచి బయటి మ్యాగజైన్ వేయగానే దారికొచ్చినవి ఎన్నో. గ్లాక్ ప్లాస్టిక్ సైట్లు (గురి చూసే పైగుర్తులు) తీసేసి స్టీలువి పెట్టుకోవడం కూడా నిక్షేపంలాంటి పని, లోపలి యంత్రంతో వాటికి సంబంధమే లేదు.

పోటీల్లో కాల్చే పిస్టల్‌కి ఏం తగిలించుకుంటారో మీ ఇష్టం, మొరాయిస్తే పోయేది పాయింట్లే. ఇంట్లో రక్షణకు పెట్టుకున్నదాని స్ప్రింగుల జోలికి మాత్రం పోకండి. ఇప్పటికే మార్చేశారా, పాతవి పారేయకండి. జామ్ అవుతుంటే కంపెనీ పార్టులు ఒక్కొక్కటిగా వెనక్కి పెట్టి కాల్చి చూస్తే ఏది కొంప ముంచుతోందో తెలిసిపోతుంది.