గట్టు దాటే హక్కు

మన సంఘం వేసవి యాత్రల మీద నాకో అభ్యంతరం ఉంది. రెండు బస్సులు, ముందు సీట్ల కోసం చిన్న రగడ, దారి పొడవునా అంత్యాక్షరి, ఏదో కోట ముందు దిగి ఇరవై నిమిషాల ఫొటోలు, మళ్లీ బస్సు. ఇన్నేళ్లుగా బ్రిటన్‌లో ఉంటూ మనం చూసిందంతా వాహనాల అద్దాల్లోంచే. పన్నులు కడుతున్నాం, ఓట్లు వేస్తున్నాం, కానీ ఇక్కడ ప్రతి మనిషికీ ఉన్న ఒక హక్కు జోలికి మాత్రం పోవడం లేదు. ప్రజల కాలిబాట ఉన్న చోట పరాయివాడి పొలంలోంచైనా దర్జాగా నడిచి వెళ్లే హక్కు అది.

దాన్ని కళ్లారా చూడాలంటే ఆఫాస్ డైక్ పాత్‌కు వెళ్లాలి. దక్షిణాన చెప్‌స్టో దగ్గర సెవర్న్ నది ఒడ్డున మొదలై, ఉత్తరాన ప్రెస్టాటిన్ సముద్రతీరంలో ముగిసే 177 మైళ్ల కాలిబాట ఇది. ఇంగ్లండ్, వేల్స్ సరిహద్దును ఇరవైసార్లకు పైగా అటూ ఇటూ దాటుతుంది. 8వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని మెర్షియా రాజ్యాన్ని ఏలిన ఆఫా రాజు పోయించిన మట్టికట్ట పేరే దీనికి పెట్టారు. మొత్తం నడవాలంటే రెండు వారాలు కావాలి. నేను అడిగేది ఒక్క రోజే, కింగ్టన్ నుంచి నైటన్ దాకా, పదమూడు పద్నాలుగు మైళ్లు.

పోయిన వేసవిలో అక్కతో కలిసి వచ్చిన మా బావగారిని అక్కడికే తీసుకెళ్లాను. ఆయన రెవెన్యూ శాఖలో సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా గట్టు తగాదాల మధ్యే గడిచింది. కింగ్టన్ దాటి బ్రాడ్నర్ కొండ ఎక్కితే బాట నేరుగా గోల్ఫ్ మైదానంలోంచి పోతుంది. అక్కడే ఆయన అడుగు తడబడింది.

"ఇది ఎవరిదోయ్? మనల్ని ఏమీ అనరా?"

"అనరు బావగారూ, ఇది చూడండి" అని ఇక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల మ్యాపు చేతిలో పెట్టాను. అందులో ప్రతి పొలం కంచె విడిగా కనిపిస్తుంది, ప్రజల కాలిబాటలు ఆకుపచ్చ చుక్కగీతలుగా ఉంటాయి. ఆయన దాన్ని గడ్డి మీద పరిచి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గీత వెంట వేలు నడిపించి, తలెత్తి చూశారు. గీత కంచెను దాటే చోటే గేటు ఉంది. గేటు మీద బాణం గుర్తు కూడా ఉంది.

"నక్షలో ఉండటం సరే, నేల మీద కూడా ఉందే!" అన్నారు.

ఆ మాటలోని ఆశ్చర్యం ఊళ్లో పొలం ఉన్నవాళ్లందరికీ అర్థమవుతుంది. మన నక్షల్లో నిక్షేపంగా ఉండే డొంకలు, పుంతలు నేల మీద వెతికితే ఎవరి చేలోనో కలిసిపోయి ఉంటాయి. ఏటా ఒక చాలు చొప్పున లోపలికి జరుగుతూ మింగేస్తారు. శ్మశానానికి దారి లేక శవంతో రోడ్డెక్కిన ఊళ్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఇక్కడ స్థానిక కౌన్సిల్ పటంలో ఎక్కిన బాటను చట్టప్రకారం ఉత్తర్వు లేకుండా మూయడానికి వీల్లేదు. చేను మధ్యగా పోయే బాటను రైతు దున్నుకోవచ్చు, కానీ విత్తనానికి దున్నితే 14 రోజుల్లోగా నడవడానికి వీలుగా చేసి పెట్టాలి. కంచె దాటే చెక్కమెట్లు విరిగితే బాగు చేయించాల్సింది భూమి యజమానే. ఖర్చులో కనీసం నాలుగో వంతు కౌన్సిల్ ఇస్తుంది. ఇది విన్నాక బావగారు చాలాసేపు మాట్లాడలేదు.

ఇదంతా దొరలు దయతలచి ఇచ్చింది కాదు. 1932 ఏప్రిల్ 24న వందల మంది, ఎక్కువగా మాంచెస్టర్ వైపు కార్మికులు, వేట కోసం మూసి ఉంచిన కిండర్ స్కౌట్ కొండ మీదికి కావాలనే నడిచి వెళ్లారు. అయిదుగురు జైలు పాలయ్యారు. జాతీయ ఉద్యానవనాలకూ ఇలాంటి దూరపు కాలిబాటలకూ దారి తీసిన చట్టం 1949లో గానీ రాలేదు. ఆఫా బాటను 1971 జులైలో నైటన్‌లో ప్రారంభించింది జాన్ హంట్. టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కిన 1953 యాత్రకు ఆయనే నాయకుడు.

రషాక్ కొండ మీద అసలు కట్ట ఎదురవుతుంది. గొప్పగా ఊహించుకుని వెళ్లేవాళ్లకు నిరాశే. గడ్డి పట్టిన మట్టిదిబ్బ, దాన్ని పట్టుకుని వేలాడే ముళ్లచెట్ల వేళ్లు, కుందేళ్ల బొరియలు, తీగకు చిక్కుకున్న గొర్రె ఉన్ని. కందకం పడమటి వైపు ఉంది, అంటే వేల్స్ వాళ్ల ముఖానికి. బావగారు అందులోకి దిగి అడుగులతో కొలిచి, "సర్వే రాయి లేకుండా పన్నెండు వందల ఏళ్లు నిలిచిన గట్టును ఇప్పుడే చూస్తున్నాను" అన్నారు. నేటి సరిహద్దు చాలా చోట్ల దీన్ని వదిలేసి తన దారిన పోతుందని, కట్టకు పడమటనున్న కింగ్టన్ ఇంగ్లండ్‌దేనని చెబితే ఆయన వృత్తిధర్మం గాయపడింది. ఇదే బాటలో ఉత్తరాన ఉన్న లానమనెక్ ఊళ్లో సరిహద్దు నడివీధిలో పోతుంది. ఆదివారం వేల్స్‌లో మద్యం అమ్మకూడదన్న 1881 చట్టం నడిచినన్నాళ్లూ అక్కడ ఒకే పబ్బులో ఇంగ్లండ్ వైపు గదులు తెరిచి, వేల్స్ వైపు గది మూసేవారు.

లగ్ నది వైపు దిగుతుంటే నాలుగు చక్రాల బండి మీద ఒక రైతు, వెనక కుక్కతో, మా వైపే వచ్చాడు. బావగారు నా భుజం పట్టుకుని ఆగిపోయారు. అతను బండి ఆపి, ఎటు పోతున్నారని అడిగి, కింది గేటు మరిచిపోకుండా వేయండి, గొర్రెపిల్లలున్నాయి అని చెప్పి వెళ్లిపోయాడు. అంతే. ఆ తర్వాత దారిలో ప్రతి గేటునూ బావగారే వేశారు, గొళ్లెం రెండుసార్లు కదిపి చూసి మరీ.

నైటన్ ఊరు వేల్స్‌లో ఉంది, దాని రైల్వేస్టేషను టీమ్ నదికి అవతల ఇంగ్లండ్‌లో ఉంది. ఒక్కో వైపుకు రోజుకు నాలుగైదు రైళ్లే.

మనవాళ్లు అంతంత దూరం నడవలేరని కార్యవర్గంలో ఒకరన్నారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేది ఎవరు? మహాశివరాత్రికి నల్లమల అడవిలోంచి శ్రీశైలం నడిచేది ఎవరు? మన చిక్కంతా నడకకు మొక్కో ఎన్నికో ఉండాలనుకోవడంలో ఉంది. ఊరికే, దారి ఉంది కాబట్టి నడవడం అలవాటు కాలేదు. ఈ పల్లెల్లో మన రంగు మనుషులు అరుదు కాబట్టి ఎవరేమనుకుంటారో అన్న బెరుకు కూడా ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. నలభై మంది కలిసి వెళితే పోయే బెరుకు అది.

కాబట్టి వచ్చే జూన్‌లో బస్సు మనల్ని ఉదయం ఎనిమిదికి కింగ్టన్‌లో దించి, సాయంత్రం ఆరింటికి నైటన్‌లో ఎక్కించుకోవాలని నా ప్రతిపాదన. నడవలేని పెద్దలు దగ్గర్లోని ప్రెస్టీన్ ఊళ్లో దిగి, పాత న్యాయమూర్తుల విడిదిని మ్యూజియంగా మార్చిన భవనం చూడవచ్చు. మధ్యలో అంగళ్లు లేవు, పులిహోర ఎవరి సంచిలో వారే మోయాలి. బూట్లు కొత్తవి వద్దు. కుక్కలంటే భయపడేవాళ్లు ముందే చెబితే మధ్యలో నడిపిస్తాను. పేర్లు మార్చి నెలాఖరులోగా కార్యదర్శికి ఇవ్వండి.